ఎర్ర గడిలో పులి

“పులి ఒక్కటే అయితే నేను ఇంత దూరం వచ్చేదాన్ని కాదు పెద్దనాయనా. సింహం కూడా ఉంది.”

“సింహమా?”

“సింహమే. ఏనుగు కూడా.”

“ఏనుగు యాడిదమ్మా ఈ చేన్లో? దానికి తాపనీకి ఊర్లో నీళ్ళన్నా ఉండాల గదా!”

“అదే అడుగుదామని కమలాపురం నుంచి బస్సు మీద బస్సు మారి వచ్చినాను.”

ఆలూరుకు పడమట, వాన పేరు చెబితేనే నేల నోరు తెరిచే చోట, హనుమన్న వేరుశనగ చేను. ఆ చేని గట్టున తుమ్మచెట్టు కింద, మిట్టమధ్యాహ్నం, ముగ్గురు కూర్చున్నారు: చేని ఆసామి హనుమన్న, ఆయన పెండ్లాం సిద్దమ్మ, అడవి జంతువుల సర్వే చేసే అమ్మాయి రమ్యశ్రీ. ఎవరు ఎంత నిజం చెబుతారో మీరే వినండి. నేను మధ్యలో రాను.

“ఇదో, మీ నెత్తి మీద కొమ్మకు కట్టింది చూడండి, ఆకుపచ్చ డబ్బా. మా వాళ్ళు కట్టిపోయిందే.”

“రోజూ చూస్తాండా గదమ్మా. వాన కొలిచే డబ్బా అనుకుంటి.”

“వాన కొలిచేదానికి పైన మూత ఉంటుందా పెద్దనాయనా?”

“ఈడ పడే వానను చూసి మూత పెట్టినారేమో అనుకుంటి.”

“అది వినే డబ్బా. పగలూ రాత్రీ వింటుంది. పిట్ట కూసినా, నక్క ఊళ వేసినా లోపల దాచిపెట్టుకుంటుంది. దాంట్లోది తీసి ఆఫీసులో కంప్యూటర్‌కు తగిలిస్తే, ఏ అరుపు ఏ జంతువుదో అది చెబుతుంది.”

“జంతువులవే యింటాది గదా? మనుషులవి యినదు గదా?”

“దానికి చెవులే ఉన్నాయి, మర్యాద లేదు. అందరివీ వింటుంది.”

“అన్నీనా?”

“అన్నీ. ఏం పెద్దనాయనా, చెమటలు పడుతున్నాయి?”

“ఎండమ్మా. ఆలూరు ఎండ.”

“నీడలో కూచోని ఎండంటాడు చూడు మా ఆయన! పాపా, నువ్వు ఆయన్ను అడగొద్దు. నన్నడుగు. పులి ఉండాది. ఈ చేన్లోనే ఉండాది. ఈయన కట్టె తీసుకొని తరిమినాడు.”

“సిద్దమ్మా, గమ్మునుండు.”

“ఎందుకు గమ్మునుండాల? మంచి పని చేసినోడు గమ్మునుంటే, పెండ్లామన్నా చెప్పుకోవద్దా? బడికాడ మీటింగు పెట్టి శాలువా కప్పినారు పాపా. పూలమాలేసినారు. ఇప్పుడు ఊర్లో ఈయన్ను ఉత్త హనుమన్న అనేవాడు లేడు. పులి హనుమన్న అంటారు.”

“పులి హనుమన్నా?”

“పిల్లోల్లు అంటారులేమ్మా. ఊరికే.”

“పిల్లోల్లేంది, సర్పంచే అన్యాడు మైకులో. ‘మన పులి హనుమన్న’ అని.”

“ఆ మైకు మాట ఎత్తొద్దు సిద్దమ్మా.”

“మైకు మాటెత్తితే నీకేమైతాది?”

“ఏమీ కాదు. నువ్వు ఇంటికి పోయి ఆ పాపకు ఇన్ని మజ్జిగ తేపో.”

“మజ్జిగ ఈడే ఉండాయి, తెచ్చినా. ఇదో తాగు పాపా, ఉప్పేసినా.”

“అయితే ఆకూవక్కా తేపో.”

“నా కొంగునే ఉండాయి.”

“దూడకు నీళ్ళు పెట్టినావా? పాపం, ఈ ఎండకు...”

“దూడను అమ్మి యాడాదాయె గదప్పా!”

“పెద్దమ్మను పంపించాలని ఎందుకు అంత తొందర పెద్దనాయనా?”

“తొందర యాడిదమ్మా. ఆడోల్లకు ఎండ తగులుతాదని.”

“నాకూ తగులుతుంది కదా.”

“నువ్వు గవర్నమెంటు మనిషివి. నీకేం తగులుతాది.”

“సరే. నేను సంగతి చెబుతా, ఇద్దరూ వినండి. మేము కర్నూలు, కడప రెండు జిల్లాలనూ పటం మీద గళ్ళు గళ్ళుగా గీసినాం. ఒక్కో గడిలో ఎన్ని రకాల జంతువులున్నాయి, పిట్టలున్నాయి అని చూస్తాం. రకాలు పెరిగే కొద్దీ గడి రంగు ముదురుతుంది. పసుపు, నారింజ, ఎరుపు. పులి జాతిది ఒక్కటున్నా చాలు, నేరుగా ఎరుపే. అన్ని గళ్ళనూ ఒకేసారి కాపాడలేం కదా? అందుకని ఎర్రగా ఉన్నవాటిని ముందు కాపాడండని పైకి రాస్తాం.”

“మా చేను ఏం రంగమ్మా?”

“మీ చేనున్న గడి పండు మిరపకాయ మాదిరి ఉంది పెద్దనాయనా. రెండు జిల్లాల్లో దీన్ని మించింది లేదు. మా సారు ఆఫీసులో అందరికీ మైసూరుపాకు పంచినాడు.”

“యిన్యావా సిద్దమ్మా! రెండు జిల్లాల్లో మన చేనంట.”

“అదే చెప్తాండా గదా నేను. పులి మన పులి.”

“మంచిదేనమ్మా. ఎర్ర రంగు మంచిదే. ఏమన్నా ఇస్తారా?”

“ఇవ్వడం కాదు, ఆపుతారు. ఎర్ర గడిలో జంతువులకు ఇబ్బంది కాకుండా కొత్త పనులేవీ మొదలుపెట్టొద్దని రాస్తాం. సంగతి తేలేదాకా కొత్త బోర్లు వేయొద్దని కూడా.”

“ఏమి వేయొద్దని?”

“బోర్లు.”

“బోర్లా! అమ్మా, రేపు తెల్లారితే నాకు బోరు లారీ వస్తాండాది!”

“అయ్యో.”

“అయ్యో కాదు తల్లీ! ఉన్న రెండు బోర్లూ దుమ్ము కక్కుతాండాయి. ఈసారి ఆస్పరి నుంచి నీళ్ళ పాయింటు పెట్టేవాన్ని పిలిపించినా. అరచేతిలో టెంకాయ పెట్టుకొని చేనంతా తిరిగినాడు. ఆ వాగు గట్టున టెంకాయ నిట్టనిలువునా లేచి నిలబడె! నా కండ్లారా చూసినా. ఈ పంటకు ఒగ తడి అందితే సరి, లేదంటే కట్టెపుల్లలు పీక్కొని పోవాల్సిందే. నువ్వొచ్చి రంగు పూసి బోరు లేదంటే నేనేం కావాల?”

“నేను పూయలేదు పెద్దనాయనా. మీ సింహం పూసింది.”

“సింహం లేదు!”

“పులి?”

“పులీ లేదు. ఏమీ లేదు. ఒగ ఉడత ఉండాది, రాసుకో. అది గూడా మా ఊరిది కాదు.”

“ఇదేందప్పా, మాట తిప్పి పులి లేదంటావు? మరి శాలువా ఎందుకు కప్పించుకుంటివి? పాపా, ఈయన మాట నమ్మొద్దు. వినయం శానా ఎక్కువ ఈయనకు. పులి ఉండాది.”

“సిద్దమ్మా, నీకు దండం పెడతా.”

“దండం నాకెందుకు? చేసిన పని చెప్పుకోనీకి సిగ్గెందుకు?”

“పెద్దనాయనా, ఒక మాట అడుగుతా. మీ ఏనుగు అరుస్తుంది కదా, రాత్రి?”

“నాకేం తెలుసు.”

“అది అరిచిన వెంటనే, ప్రతిసారీ, ఒకాయన ‘ఉల్లిగడ్డలో... ఎర్రగడ్డలో...’ అని అమ్ముతాడు. ఎవరాయన?”

“...ఉల్లిగడ్డల బండి వస్తాదమ్మా ఒగోసారి.”

“చేన్లోకా?”

“పక్కన బాట ఉండాది గదా.”

“అర్ధరాత్రి పూటనా?”

“పగలు ఎండ గదమ్మా. పాపం వాడు సల్లపొద్దు చూసుకుంటాడు.”

“అర్ధరాత్రి ఉల్లిగడ్డలు ఎవురు కొంటారప్పా? ఏనుగా?”

“నువ్వుండు సిద్దమ్మా!”

“లేదు, తెలుసుకోవాలని అడుగుతాండా. కిలో ఎంతంటాడు పాపా?”

“నవ్వొస్తుంది పెద్దమ్మా, కానీ నాకు నవ్వే ఓపిక లేదు. సాయంత్రం పటం పైకి పోతుంది. మాకు ఇన్ని గళ్ళని ఒక లెక్క ఉంది. ఒకటి లోపలికి వస్తే ఒకటి బయటికి పోవాల. మీ గడి వచ్చిందని మా కమలాపురం కాడి గడిని తీసేసినారు. ఆడ నేను ముళ్ళకంపల్లో పడి లేసి తిరిగినా. ఆడ తోడేళ్ళు ఉండాయి, నక్కలు ఉండాయి, ఉత్త నేల మీద గుడ్లు పెట్టుకొని కూచున్న పిట్టలు ఉండాయి. అవన్నీ నిజంగా ఉండాయి! మీ ఉల్లిగడ్డల ఏనుగు వచ్చి వాటి నోట్లో మన్ను కొట్టింది.”

“ఇప్పుడొచ్చింది నోట్లోంచి మన మాట. నువ్వు మన పాపవే.”

“నాకు కోపమొస్తే ఇట్లే వస్తుంది పెద్దమ్మా. పెద్దనాయనా, నిజం చెప్పండి. మీకు బోరు కావాల, నాకు నా గడి కావాల. ఇద్దరి పనీ మీ నోట్లో ఉండాది.”

“...సిద్దమ్మా.”

“ఆఁ.”

“చెవులు మూసుకో.”

“దేనికి?”

“మూసుకోమంటే మూసుకో. ఇది ఆఫీసు సంగతి.”

“సరే. మూసుకుంటి.”

“గట్టిగా.”

“గట్టిగానే మూసుకుంటి.”

“యినపడతాందా?”

“యినపడలే.”

“యినపడలేదంటే మరి నేనడిగింది ఎట్ల యినపడె?”

“నీ మూతి కదిలింది చూసి చెప్పినా. కానీ, చెప్పు, బిర్నా చెప్పు. చేతులు నొస్తాయి.”

“అమ్మా, ఇటు జరుగు. మెల్లగా చెప్తా. అది మైకమ్మా.”

“ఏది?”

“పులి. జింకలు మందలు మందలు దిగి చేను మేస్తాండె. పందులు దున్నినట్టు దున్ని పోతాండె. చుట్టూ పాత చీరలు కట్టినా, నిలవలే. ఆదోనిలో ఒగ ఉల్లిగడ్డల బండోని కాడ పాత మైకు కొన్నా. వాడే దాంట్లో పులీ, సింహం, ఏనుగూ ఎక్కించిచ్చె. వాని ఉల్లిగడ్డలు మాత్రం చెరపనీకి వాన్కీ రాలే, నాకూ రాలే. రాత్రంతా తిరిగి తిరిగి అదే అరుస్తాది.”

“నేను అనుకుంటూనే ఉన్నా! మరి కట్టెతో తరిమింది?”

“నేను తరమలే. చిన్న ఈరన్న గొర్లు తోలుకొని పోతా ఆ అరుపు యిన్యాడు. ఊర్లోకి ఉరికి పులి పులి అని కూసె. జనం టార్చీలు, గడ్డపారలు ఎత్తుకొని వస్తాంటే నాకు భయమై మైకు ఆపేసి, గడ్డివామిలోకి తోసినా. వాండ్లు వచ్చేసరికి అరుపు లేదు. నేను చేతిలో కట్టెతో నిలబడుండా. వాండ్లే అనుకున్యారు. నేను నోరు తెరిచి ఒగ అబద్ధం చెప్పలేదమ్మా. నోరు మూసుకున్యా, అంతే.”

“శాలువా కప్పేటప్పుడన్నా చెప్పొచ్చు కదా.”

“చెప్దామనే లేసినా. సిద్దమ్మ ముందర వరసలో కూచోనుండాది. పెండ్లయినకాడి నుంచి నన్ను అట్ల చూడలే ఆమె. కండ్లల్లో నీళ్ళు పెట్టుకొని చప్పట్లు కొడతాండాది. ఆ మొగం చూసి ఎట్ల చెప్తావు తల్లీ? నువ్వయితే చెప్తావా?”

“...కష్టమే.”

“ఇంగోటి చెప్తా, ఎవురికీ చెప్పొద్దు. నేను చేన్లో పండుకునేది గూడా అబద్ధం. మైకు పెట్టేసి ఊర్లో మారెన్న మిద్దె మీద పండుకుంటాండా.”

“చేను మీది, మైకు మీది. పండుకోడానికేం?”

“ఆ అరుపు యింటే భయమమ్మా.”

“మీ మైకే కదా పెద్దనాయనా!”

“మైకని నాకు తెలుసు. నా గుండెకు తెలీదు.”

“అయిపోయిందా అప్పా? చేతులు దించాల్నా?”

“ఆఁ ఆఁ, దించు సిద్దమ్మా. ఆఫీసు సంగతి అయిపాయె. పాప రంగు తీసేస్తాంది.”

“తీసేస్తున్నా. ఇదో, మీ ఎదురుగానే, నా సెల్లులో. పులి కొట్టేసినా. సింహం కొట్టేసినా. ఏనుగు కొట్టేసినా. ఇంక మిగిలింది చిరుత. అది కూడా మీ మైకుదే కదా?”

“చిరుతనా? అది లేదే నా దాంట్లో.”

“సరిగా గుర్తు చేసుకోండి.”

“గుర్తేందమ్మా, రాత్రంతా యిన్యా గదా మొదట్లో. పులి, సింహం, ఏనుగు, ఉల్లిగడ్డ. చిరుత లేదు.”

“మైకు ఇంకా నడుస్తుందా?”

“యాడ నడుస్తాది? పోయిన అమావాస్యకే బ్యాటరీ సచ్చె. ఆదోని పోయి కొత్తది వేయిద్దామంటే ఈ బోరు పనిలో పడితి.”

“పెద్దనాయనా...”

“ఏందమ్మా, అట్ల చూస్తావు?”

“పులి, సింహం, ఏనుగు, మూడూ అమావాస్యకే ఆగిపోయినాయి. చిరుత ఆ రాత్రి నుంచే మొదలైంది.”

“మొదలైందా? యాడ?”

“డబ్బాకు దగ్గర్లో. అంటే ఈ చెట్టు కింద.”

“నేను కూచున్నకాడనా!”

“ఇంచుమించు. మా సారు దాన్ని మళ్ళీ మళ్ళీ విన్నాడు. ‘చిరుతే, ఆడది. మంచి వయసులో ఉంది. శానా కోపంగా ఉంది’ అన్నాడు.”

“మంచి వయసులో ఉండాదన్యాడా పాపా?”

“అవును పెద్దమ్మా.”

“మీ సారు మంచోడు మాదిరి ఉండాడే.”

“సిద్దమ్మా, నగుతావేమే? లెయ్! ఇద్దరూ లెయ్యండి! ఊర్లోకి పోదాం పాండి!”

“బోరో?”

“పేణముంటే గదా బోరు! అయ్యో దేవుడా, పులి ఉంటే బోరు పాయె, పులి లేకుంటే పరువు పాయె. ఇప్పుడు రెండూ పోయేటట్టుండాయి. లెయ్యవే!”

“కూచో. యాడికి పోతావు? మారెన్న మిద్దె మీదికా?”

“...నువ్వు చెవులు మూసుకుంటివి గదా!”

“నిజంగా మూసుకునేదాన్నయితే నీతో ఇన్నేండ్లు కాపురం ఎట్ల చేస్తాననుకున్యావు?”

“అయితే అంతా యిన్యావా?”

“ఇప్పుడు యినేదేముంది కొత్తగా? నాకు అమావాస్య నుంచే తెలుసు. కూచో అప్పా. పాపా, ఆ చిరుతను గూడా కొట్టెయ్.”

“ఎట్లా కొట్టేస్తా పెద్దమ్మా? అది మైకు కాదు కదా.”

“మైకు కాదు. నేను.”

“ఏంటి?”

“నేనే అరిచినా.”

“నువ్వా సిద్దమ్మా?”

“ఎవురనుకున్యావు మరి? ఆ అమావాస్య రాత్రి నీకు మంచె మీద సలి పుడతాదని దుప్పటి ఎత్తుకొని వస్తి. మంచె మీద నువ్వు లేవు. మైకు మూగది అయి పడుండాది. చేను నిండా జింకలు. ఊర్లోకి పోయి పిలుద్దామంటే ఏమని పిలవాల? ‘మా పులి హనుమన్న కనపడలే, వచ్చి వెతకండి’ అనా? పొద్దున్నే ఊరంతా నగుతారు. నిన్ను జూసి నగితే నన్ను జూసి నగినట్టు కాదా? అందుకని చెట్టు కింద నీళ్ళ కుండ వంచేసి, మూతి లోపల పెట్టి అరిచినా. జింకలు ఎగిరి దుంకి పాయె. ఆ రాత్రి నుంచి రోజూ వస్తాండా.”

“ఒగదానివే? ఈ చీకట్లో?”

“మారెన్న మిద్దె మీద జాగా లేదంట గదా ఇద్దరికి.”

“భయం కాలేదా నీకు?”

“అయింది. శానా అయింది. ఏడిస్తి గూడా. తర్వాత నీ మింద కోపమొచ్చె. ఆ కోపంతో అరిస్తి సూడు, అది శానా బాగా కుదిరె.”

“మా సారు కోపంగా ఉందన్నాడు కదా! పాపం, అది మాత్రం సరిగ్గా కనిపెట్టినాడు.”

“అవును పాపా. వయసు గూడా.”

“కానీ పెద్దమ్మా, చిరుత ఎట్లా అరుస్తుందో మీకెట్లా తెలుసు? అందరూ పులంటే గాండ్రింపే అనుకుంటారు. చిరుత అట్లా అరవదు. రంపంతో కట్టె కోసినట్టు ఉంటుంది. మీరు అచ్చం అట్లే అరిచినారు, కంప్యూటరే మోసపోయింది.”

“చిరుత సంగతి నాకేం తెలుసు? ఈయన గురక తెలుసు.”

“నా గురకనా!”

“నీదే. పెండ్లయినకాడి నుంచి యింటాండా గదా, నోటికొచ్చేసింది. లోపలికి ఒగ గుంజు, బయటికి ఒగ తోపు. కుండలో మూతి పెట్టి అదే గుంజినా.”

“సిద్దమ్మా, తప్పయిపాయె. నాకు తల ఎత్తనీకి రావడం లేదు. ఆ శాలువా నాకు కాదు, నీకు కప్పాల్సింది.”

“ఇప్పుడు వద్దులే. ఉడకపోత.”

“నగొద్దు. నిజంగా చెప్తాండా. ఇంగ ఈ పొద్దు నుంచి నేనే పండుకుంటా చేన్లో. మైకు లేకపోయినా, కుండ లేకపోయినా పండుకుంటా.”

“నీకు కుండెందుకు? కండ్లు మూస్తే సాలు.”

“మీ ఇద్దరినీ విడదీసి గళ్ళల్లో పెట్టలేం గానీ, చిరుతను కొట్టేస్తున్నా పెద్దనాయనా. ఇదో, గడి రంగు మారింది. చూసినారా? లేత పసుపు. జింకలు, పందులు, నక్కలు, గువ్వలు. ఉన్నవి ఉన్నట్టు. మీ బోరుకు నా అడ్డం లేదు. నా కమలాపురం గడి నాకు వచ్చింది.”

“సల్లగుండు తల్లీ! సిద్దమ్మా, యిన్యావా? రేపు లారీ వస్తాది!”

“యింటి, యింటి. చెవులు తెరిచే ఉండాయి.”

“నేను లేస్తా. నాలుగింటి బస్సు అందుకోవాల.”

“పాపా, ఒగ మాట. నీ సెల్లులో ఉండాదా ఆ అరుపు?”

“ఉంది. మా సారు మా అందరి సెల్లుల్లోకీ పంపించినాడు.”

“ఒగసారి యినిపియ్యవా? నా గొంతు నేనెప్పుడూ యినలే.”

“దానికేం పెద్దమ్మా. దగ్గరికి రండి. ఇదో... వింటున్నారా?”

“అబ్బ! ఇది నేనేనా? ఒళ్ళు జలదరిస్తాంది గదా!”

“సిద్దమ్మా, నువ్వు ఈ మాదిరి అరుస్తావని తెలిసింటే నేను ఎప్పుడో మాట యినేవాన్ని.”

“ముక్కులో ఈల గూడా వేసినా చూడు. అది నీదే.”

“నా గురకలో ఈల ఉంటాదా?”

“ఉంటాది. తెల్లారుజామున. ఇంగోటి పెట్టు పాపా.”

“ఇది మొన్న రాత్రిది, నిన్న మా వాళ్ళు డబ్బాలోంచి తీసుకొచ్చింది. ఇదో... ఇది కూడా మీరే కదా?”

“నేనే. ఆ పొద్దు కొంచెం మెత్తగా అరిచినా. కోపం తగ్గినాది.”

“వినండి, తరువాత ఇంకోటి ఉంది. ఇదో, ఇదీ. కొంచెం లావుగా ఉంది గొంతు.”

“ఆఁ. అది నేను కాదు పాపా. అది ఈయనది.”

“పెద్దనాయన అరిచినాడా?”

“అరవలే, గురక పెట్టినాడు. గడ్డివామి ఎనక. మొన్న ఈయన చేన్లోకి వచ్చి పండుకున్యాడు లే. నాకు చెప్పకుండా వచ్చినాడు. నేను అరుస్తానే గడ్డివామి ఎనక నుంచి గుర్రు గుర్రుమని మొదలుపెట్టె. వెక్కిరిస్తాండాడేమో అనుకుంటి మొదట.”

“మొన్ననా? నేను రాలే.”

“సిగ్గెందుకప్పా ఇంగ? అంతా తెలిసినాక. వచ్చినావని నాకు సంతోషమే ఆయె.”

“సిగ్గు కాదు సిద్దమ్మా. మొన్న నేను మారెన్న మిద్దె దిగలే. వాన్నడుగు.”

“అబద్ధం.”

“ఈ భూమ్మింద ఒట్టు. నేను రాలే.”

“పెద్దమ్మా, ఒక్క నిమిషం. మాట్లాడొద్దు. మళ్ళీ వింటా.”

“ఏందమ్మా? ఏమైంది? నీ మొగమేందట్ల పాయె?”

“పెద్దనాయనా, పెద్దమ్మ పిలిచినట్టు, అది పలికినట్టు ఉంది. మొదట వాగు అవతల నుంచి. తరువాత దగ్గర నుంచి. ఇది గురక కాదు. ఇది కుండ కాదు. ఇది నిజంది. మగది.”

“నిజందా! అయితే గడి?”

“ఎరుపే పెద్దనాయనా.”

“లారీ?”

“రావద్దని ఫోన్ చేయండి.”

“సిద్దమ్మా, యిన్యావా, బోరు పాయె! సిద్దమ్మా! ఏమే, పలకవేం?”

“బోరు సంగతి తర్వాత చూద్దాం గానీ, ఆ పొద్దు గడ్డివామి ఎనక చీకట్లో కోడికూర గిన్నె పెట్టి, ‘నాకు కోపం పాయెలే, లేసి తిను’ అని బుజ్జగించి వచ్చింది ఎవురినప్పా నేను?”